చారన్నం పథ్యంతో ప్రొటీన్ అందదు

బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నవాళ్ల ఉత్తరాలు ఈమధ్య బాగా వస్తున్నాయి. అందరి బాధా ఇంచుమించు ఒకటే. డిశ్చార్జ్ కాగితంలో "హై ప్రొటీన్ డైట్" అని ఒక్క లైను రాసి పంపించేశారు, ఇంటికొచ్చాక ఏం వండుకోవాలో, ఎంత తినాలో, దాన్ని ఎలా లెక్కపెట్టుకోవాలో చెప్పినవాళ్లు లేరు. అందుకే ఈసారి శీర్షిక మొత్తం దీనికే ఇచ్చేశాను. మొదటి ఉత్తరానికి జవాబు కాస్త పొడుగైంది, ఓపిగ్గా చదవండి, ఎందుకంటే అందులో ఉన్న పొరపాటు చాలా ఇళ్లలో జరుగుతున్నదే.

ప్రశ్న: మేడం గారూ, నమస్తే. నాకు 38 ఏళ్లు, కూకట్‌పల్లిలో ఉంటాం. స్లీవ్ ఆపరేషన్ అయి తొమ్మిది వారాలైంది. అప్పుడు 112 కిలోలు, ఇప్పుడు 96. తగ్గుతున్నందుకు సంతోషమే కానీ ఒంట్లో అస్సలు ఓపిక లేదు, కూర్చుని లేస్తే కళ్లు తిరుగుతున్నాయి. రోజుకు 60 గ్రాముల ప్రొటీన్ తినమన్నారు. మా అమ్మ ఊరి నుంచి వచ్చి అన్నీ చేసిపెడుతోంది. పొద్దున రాగిజావ, పదకొండింటికి మజ్జిగ, మధ్యాహ్నం మెత్తగా పిసికిన చారన్నం నాలుగు ముద్దలు, సాయంత్రం టీ, రెండు బిస్కెట్లు, రాత్రికి ఒక ఇడ్లీ, కొంచెం సాంబారు. ఇంతకన్నా ఒక్క ముద్ద ఎక్కువైనా పట్టదు. గుడ్డు తింటాను, మాంసం తినను. ఇది సరిపోతుందా?

జవాబు: సరిపోదమ్మా. మీరు రాసింది రాసినట్టు కూర్చుని లెక్కవేశాను. చిన్న గ్లాసు రాగిజావలో పడే పిండి రెండు చెంచాలు, దానికి గ్రామున్నర. పల్చటి మజ్జిగకు మరో గ్రామున్నర. నాలుగు ముద్దల అన్నానికి గ్రాము పైన. చారులో దాదాపు ఏమీ లేదు, పప్పు కట్టు పోసి పెట్టినా అంతే. టీలో పాలు, బిస్కెట్లు కలిపి రెండు, రెండున్నర. ఇడ్లీకి రెండు, సాంబారుకి ఒకటి. మొత్తం కలిపినా పది, పదకొండు గ్రాములు. మీకు కావలసింది 60. మీ నీరసానికి కారణం వెతుక్కోవాల్సిన పని లేదు, మీ ఉత్తరంలోనే ఉంది.

అమ్మగారిని తప్పు పట్టడానికి కాదు ఇది రాస్తున్నది, ఆవిడ ఎంత ప్రేమగా చేస్తున్నారో మీ ఉత్తరం చదివితేనే తెలుస్తోంది. ఆపరేషన్ అయిన మనిషికి మన ఇళ్లలో తరతరాలుగా పెట్టే పథ్యం అంటే చారన్నం, జావ, మజ్జిగ. జ్వరం వచ్చినప్పుడు, నాలుగు రోజులు అరుగుదల లేనప్పుడు అది మంచిదే. కానీ ఈ ఆపరేషన్ వేరు. స్లీవ్‌లో జీర్ణాశయంలో ముప్పావు వంతు పైగా తీసేస్తారు, మిగిలేది అరటిపండంత సన్నటి గొట్టం. ఇప్పుడు అందులో పట్టేదే ఒక చిన్న గిన్నెడు. ఆ గిన్నెడు చోటు జావతో, చారుతో నింపేస్తే ఇక పప్పుకి, గుడ్డుకి చోటెక్కడిది? మీరు తక్కువ తింటున్నారని నేను అనడం లేదు, మీ కడుపుకి అంతే పడుతుంది. ఆ కాస్తలో ముందు ఏది వెళ్లాలన్నదే విషయం.

ఇంకో సంగతి. ఇంత వేగంగా బరువు తగ్గేటప్పుడు ఒళ్లు కొవ్వునే కాదు, కండను కూడా కరిగించుకుంటుంది, ప్రొటీన్ అందకపోతే మరీ ఎక్కువగా. తూకం యంత్రం మీద రెండూ కిలోలే కాబట్టి తేడా తెలియదు. మెట్లెక్కేటప్పుడు తెలుస్తుంది, బిందె ఎత్తేటప్పుడు తెలుస్తుంది. పోయిన కండ మళ్లీ రావడం చాలా కష్టం, అందుకే నాకింత ఆత్రం.

రేపటి నుంచి ఇలా చేసి చూడండి. పొద్దున ఏడింటికి 200 మిల్లీలీటర్ల వెన్న తీసిన పాలల్లో ఒక స్కూపు వే ప్రొటీన్ (పాలవిరుగుడు తేట నుంచి తీసిన పొడి) కలుపుకుని అరగంట, ముప్పావుగంట సేపు గుటక గుటకగా తాగండి. పాలు మరీ వేడిగా ఉంటే పొడి ఉండలు కడుతుంది, గోరువెచ్చగా ఉంటే చాలు. ఇక్కడే దాదాపు 30 గ్రాములు వచ్చేస్తాయి, అంటే సగం పని అయిపోయినట్టే. తొమ్మిదిన్నర, పదింటికి ఒక గుడ్డు, ఇంకో గుడ్డు తెల్లసొన కలిపి నూనె తక్కువేసి మెత్తగా పొరటు, అది పది గ్రాములు. ఒకేసారి పట్టకపోతే సగం ఇప్పుడు, సగం గంట ఆగి. మధ్యాహ్నం పప్పు గట్టిగా, చెంచా నిలబడేలా వండించుకోండి, అందులో 40 గ్రాముల పనీరు చిదిమి కలపండి. అర కప్పు తినగలిగితే పది గ్రాములు. సాయంత్రం గుడ్డలో వేలాడదీసి నీళ్లు కార్చిన గట్టి పెరుగు చిన్న కప్పు, ఆరు గ్రాములు. రాత్రికి చిన్న పెసరట్టు, పచ్చిమిర్చి లేకుండా, మెత్తగా. గుప్పెడు పెసలకు ఆరు గ్రాములు. 60 దాటింది చూడండి! అన్నం ఎక్కడా లేదని అమ్మగారు బాధపడితే, పప్పు తిన్నాక ఇంకా చోటుంటే చివర్న ఒక ముద్ద కలిపి పెట్టమనండి. ముందు పప్పు, గుడ్డు, పనీరు, తర్వాత కూర, చివరికి అన్నం. ఈ వరుస ఒక్కటి ఇంట్లో అందరికీ అర్థమైతే చాలు.

నీళ్ల విషయం కూడా ఇక్కడే చెప్తాను. తినేటప్పుడు నీళ్లు వద్దు, తిన్న తర్వాత అరగంట దాకా వద్దు. మిగతా సమయమంతా సీసా పక్కన పెట్టుకుని కొంచెం కొంచెంగా రోజుకు కనీసం లీటరున్నర తాగాలి. మీరు రాసిన దాంట్లో నీళ్ల మాటే లేదు, కళ్లు తిరగడానికి అదొక కారణం కావచ్చు. ఇంకొకటి, ఆపరేషన్‌కి ముందు నుంచి బీపీ మాత్రలు గానీ షుగర్ మాత్రలు గానీ పాత డోసులోనే వేసుకుంటుంటే ఈ వారమే డాక్టర్‌కి చూపించుకోండి. బరువు తగ్గినకొద్దీ ఆ మందులు తగ్గించాల్సి వస్తుంది, తగ్గించకపోతే బీపీ, షుగర్ మరీ కిందికి పడిపోతాయి. మీ అంతట మీరు మాత్రం ఆపేయకండి. హిమోగ్లోబిన్, బీ12 కూడా చూపించుకుంటే మంచిది.

రాగిజావ మీద కోపం లేదు నాకు. ఇంకో ఆరు నెలలు ఆగి, తినే పరిమాణం పెరిగాక తాగండి.

ప్రశ్న: మేడం, మాది మలక్‌పేట. వయసు 45. గ్యాస్ట్రిక్ బైపాస్ అయి ఐదు నెలలైంది. నాన్‌వెజ్ బాగా తింటాను కాబట్టి ప్రొటీన్‌కి ఇబ్బంది ఉండదనుకున్నా. కానీ చికెన్ తింటే ఛాతీ మధ్యలో ఇరుక్కున్నట్టు అవుతోంది, నోట్లో నురగలాగా ఊరుతోంది, కక్కేస్తే తప్ప హాయి ఉండదు. అందుకని బలం కోసం రోజూ పొద్దున పాయా తాగుతున్నా. అది సరిపోతుందా? రంజాన్‌లో హలీం తినొచ్చా?

జవాబు: అన్నా, ముందు వాంతుల సంగతి. ఎప్పుడో ఒకసారి, గబగబా తిన్నప్పుడు ఇరుక్కుంటే అది తినే పద్ధతి వల్ల. కానీ రోజూ అవుతున్నా, మెత్తటి తిండి కూడా దిగకపోయినా, నీళ్లు కూడా నిలవకపోయినా నా శీర్షిక పక్కన పెట్టి మీ సర్జన్ దగ్గరికి వెళ్లండి. జీర్ణాశయానికి, పేగుకి కలిపి కుట్టిన చోట సన్నబడి ఉండొచ్చు, పుండు పడి ఉండొచ్చు, ఎండోస్కోపీ చేస్తే తెలుస్తుంది. వాంతులు రోజుల తరబడి సాగితే ఒంట్లో థయమిన్, అంటే బీ1 విటమిన్ అయిపోతుంది, అది అయిపోతే నరాలకూ మెదడుకూ దెబ్బ. కాళ్లు తిమ్మిరెక్కడం, నడకలో తూలడం, చూపు రెండుగా కనిపించడం మొదలైతే అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా ఎమర్జెన్సీకి పోవాల్సిందే. సిగరెట్ అలవాటుంటే పూర్తిగా మానేయండి. ఒళ్లు నొప్పులకని మెడికల్ షాపులో అడిగి డైక్లోఫెనాక్, ఐబుప్రోఫెన్ లాంటివి వేసుకోకండి, బైపాస్ అయినవాళ్లకి అవి పుండు తెచ్చిపెడతాయి.

ఇక చికెన్. మనవాళ్లు ప్రొటీన్ అనగానే బ్రెస్ట్ పీసు కాల్చుకుని తింటారు, ఈ ఆపరేషన్ అయినవాళ్లకి అంతకన్నా కష్టమైన ముక్క లేదు. పీచు పీచుగా, పొడిగా ఉంటుంది, ఫ్రిజ్‌లో పెట్టి మళ్లీ వేడి చేస్తే మరీ గట్టిపడుతుంది. బైపాస్‌లో మీకు తయారుచేసిన సంచి 30 మిల్లీలీటర్లు, ఒక చిన్న మందు కప్పు అంత. అక్కడ ఆ ముక్కను నలగ్గొట్టే శక్తి లేదు, నలగ్గొట్టాల్సింది మీ పళ్లే. కాబట్టి చికెన్ కీమా చేయించుకోండి, గ్రేవీతో మెత్తగా వండించుకోండి. 40 గ్రాముల ఉడికిన చికెన్‌కి 11, 12 గ్రాముల ప్రొటీన్ వస్తుంది. ఇంకా మంచిది కొర్రమీను. ముళ్లు తక్కువ, మాంసం మెత్తన, వంద గ్రాముల పచ్చి చేపలో దాదాపు 18 గ్రాములు. పులుసు నూనె తేలకుండా పెట్టుకుంటే రెండు ముక్కలు హాయిగా దిగుతాయి. ముద్ద చిటికెన వేలి గోరంతే తీసుకోవాలి, నోట్లో గుజ్జయ్యేదాకా నమలాలి, ముద్దకీ ముద్దకీ మధ్య చెంచా కింద పెట్టాలి. తినడం మొదలుపెట్టి ముగించడానికి ఇరవై నిమిషాలు పట్టనివ్వండి. ఫోన్ చూస్తూ తింటే నమలడం మర్చిపోతారు, ఇది ఎంతమందిలో చూశానో.

పాయా, అంటే మేక కాళ్ల సూపు గురించి చాలామంది అడుగుతారు. అది చల్లారితే గడ్డకడుతుంది చూశారా, అది జెలటిన్. అదీ ప్రొటీన్ జాతిదే, కానీ కండకు కావలసిన అమినో ఆమ్లాలన్నీ అందులో లేవు. ట్రిప్టోఫాన్ అసలే లేదు. అందుకని పాయాని మీ 60, 70 గ్రాముల లెక్కలో వేసుకోవద్దు. గొంతుకి హాయిగా ఉంటే వారంలో ఒకటి రెండు సార్లు పైన తేలిన కొవ్వు తీసేసి అర కప్పు తాగండి, నీళ్ల లెక్కలో వేసుకోండి. దాని బదులు ముక్కలు బాగా ఉడికిన మరగ్ (మటన్ సూపు) అయితే మాంసం కూడా తిన్నట్టుంటుంది.

హలీం దగ్గరికొస్తే, మాంసం గంటల తరబడి ఉడికించి గుజ్జుగా దంచింది కాబట్టి మింగడానికి సులువే, గోధుమ, పప్పులు, మాంసం అన్నీ ఉంటాయి. ఇబ్బంది పైన పోసే నెయ్యి, వేయించిన ఉల్లిపాయలు. బైపాస్ అయిన కడుపుకి ఆ నెయ్యి పడితే వికారం, విరేచనాలు. నెయ్యి వద్దని చెప్పి, నాలుగైదు స్పూన్లు నెమ్మదిగా తినండి, మిగతాది ఇంట్లోవాళ్లకిచ్చేయండి. వెనకాలే డబల్ కా మీఠా, ఖుబానీ కా మీఠా మాత్రం వద్దు. తీపి ఒక్కసారిగా పేగులోకి దిగితే గుండె దడ, చెమటలు, కడుపునొప్పి, కాళ్లు తేలిపోవడం, దీన్నే డంపింగ్ అంటారు. ఒకసారి అనుభవమైతే మీకే భయం పడుతుంది.

ప్రశ్న: మేడం గారికి నమస్కారం. మేం హబ్సిగూడలో ఉంటాం. మా అమ్మకు 57 ఏళ్లు, షుగర్ ఉంది, నాలుగు నెలల క్రితం స్లీవ్ చేయించాం. మా ఇంట్లో గుడ్డు కూడా ముట్టం. డాక్టర్ గారు ప్రొటీన్ పొడి తప్పదన్నారు. మా నాన్న మాత్రం తార్నాక ఎన్‌ఐఎన్ వాళ్లే ప్రొటీన్ పొడులు వద్దన్నారని పేపర్ కటింగ్ చూపించి, కిడ్నీలు పాడైతే ఎవరు బాధ్యులంటున్నారు. ఎవరి మాట వినాలో తెలియక ఇంట్లో ఒకటే టెన్షన్.

జవాబు: మీ నాన్నగారు చదివింది నిజమే. జాతీయ పోషకాహార సంస్థ, అదే ఎన్‌ఐఎన్, 2024 మేలో విడుదల చేసిన ఆహార మార్గదర్శకాల్లో, కండలు పెంచడానికని ప్రొటీన్ పొడులు వాడొద్దనే ఉంది, ఎక్కువ కాలం అతిగా వాడితే ఎముకలకు, కిడ్నీలకు ముప్పు ఉండొచ్చని కూడా ఉంది. అది మామూలుగా మూడు పూటలా కడుపునిండా తినగలిగే ఆరోగ్యవంతులకు చెప్పిన మాట. జిమ్‌కి వెళ్లే కుర్రాడు బిర్యానీ తిని పైన రెండు స్కూపులు వేసుకోవడం వేరు, అర కప్పు పప్పు దగ్గరే ఆగిపోయే మీ అమ్మగారు వేరు. అదే సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం ఆరోగ్యంగా ఉన్న మనిషికే కిలో బరువుకు 0.83 గ్రాముల ప్రొటీన్ కావాలి. అంటే 60 కిలోల మనిషికి 50 గ్రాములు. ఆపరేషన్ అయినవాళ్లకి చెప్పే 60 దానికన్నా ఓ పది మాత్రమే ఎక్కువ. అందరూ తిండిలో తెచ్చుకునేదాన్ని ఆవిడ కొంత పొడిలో తెచ్చుకుంటున్నారు, అంతే. ఇది నాన్నగారికి కాగితం మీద వేసి చూపించండి, లెక్క తెలిసిన మనిషి, ఒప్పుకుంటారు.

ఆయన భయంలో ఒక నిజం మాత్రం ఉంది, దాన్ని తీసిపారేయకూడదు. అమ్మగారికి షుగర్ ఉంది, షుగర్ ఉన్నవాళ్లలో కిడ్నీ దెబ్బతినడం పైకి తెలియకుండా సాగుతుంది. కాబట్టి పొడి డబ్బా తెరవకముందే క్రియాటినిన్, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్షలు చేయించండి. రెండూ బాగుంటే నిశ్చింతగా మొదలుపెట్టండి. తేడా ఉంటే ఎన్ని గ్రాములన్నది కిడ్నీ డాక్టర్, మీ సర్జన్ మాట్లాడుకుని చెప్పాలి, నేను గానీ పేపర్ గానీ కాదు.

పొడి కొనేటప్పుడు వెనక ఉన్న చీటీ చదవండి. స్కూపుకి ఎన్ని గ్రాముల ప్రొటీన్, ఎంత చక్కెర, ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ) లైసెన్స్ నంబరు ఉందా, ఈ మూడూ చూడండి. పిల్లలకు పాలల్లో కలిపే మాల్ట్ పొడులు ప్రొటీన్ పొడులు కావు, అందులో ఎక్కువ భాగం పిండి, చక్కెరే. పాలు తాగితే పొట్ట ఉబ్బరం అయ్యేవాళ్లు వే ఐసోలేట్ అని ఉన్నది తీసుకోండి, లాక్టోజ్, అంటే పాలల్లోని చక్కెర, బాగా తక్కువ ఉంటుంది. వే అనేది పాలవిరుగుడు తేట నుంచి తీసేదే, శాకాహారులకు ఏ అభ్యంతరం ఉండక్కర్లేదు, ఈ మాట చెప్పాక ఊపిరి పీల్చుకున్న పెద్దవాళ్లు చాలామంది ఉన్నారు.

తిండిలో మీ ఇంటికి బాగా ఉపయోగపడేది మీల్ మేకర్. ఎండువి వంద గ్రాముల్లో 50 గ్రాములకు పైగా ప్రొటీన్. 20 గ్రాములు వేడినీళ్లలో నానబెట్టి, పిండి, మిక్సీలో ఒక్కసారి తిప్పి కీమాలా వండితే పది గ్రాములు. తర్వాత పనీరు, గట్టి పెరుగు, పెసరపప్పు, శనగలు ఉడికించి మెత్తగా చేసినవి. పుట్నాల పొడి మజ్జిగలో కలిపి ఇవ్వొచ్చు, రెండు చెంచాలకు నాలుగు గ్రాములు. కందిపొడి చెంచాడు నెయ్యన్నంలో కలిపి పప్పు తిన్నట్టే అనుకోవద్దు. ఇలా మన పప్పుల్లో, గింజల్లో ఎంతెంత ఉందో కొలిచి 2017లో పట్టికలు వేసింది కూడా మీ ఇంటి దగ్గరున్న ఆ తార్నాక సంస్థే, నాన్నగారికి ఆ సంగతి కూడా చెప్పండి.

ప్రశ్న: నాకు 26. స్లీవ్ అయి నాలుగు నెలలు. దువ్వెన పెడితే చాలు గుప్పెళ్లకొద్దీ జుట్టు వస్తోంది. ఇంట్లో సంబంధాలు చూస్తున్నారు. బయోటిన్ మాత్రలు వేసుకోనా? — దిల్‌సుఖ్‌నగర్

జవాబు: భయపడకమ్మా. ఆపరేషన్ ఒత్తిడికి, వేగంగా బరువు తగ్గడానికి చాలా వెంట్రుకలు ఒకేసారి నిద్రావస్థలోకి వెళ్లిపోయి, మూడో నెల తర్వాత రాలడం మొదలవుతుంది. కుదుళ్లు చచ్చిపోవు. మామూలుగా కొన్ని నెలల్లో తగ్గి కొత్త జుట్టు వస్తుంది, కాకపోతే ఆ కొత్త జుట్టుకి కావలసింది నువ్వు తినాలి. రోజుకు 60 గ్రాములు తింటున్నావో లేదో ఒక వారం పుస్తకంలో రాసుకో, నిజాయితీగా. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), జింక్, బీ12, థైరాయిడ్ పరీక్షలు చేయించు. ఐరన్ మాత్రకీ క్యాల్షియం మాత్రకీ మధ్య రెండు గంటలు తేడా ఉండాలి, ఐరన్ టీతో అస్సలు వద్దు. బయోటిన్ లోపం లేనివాళ్లకి దానివల్ల పెద్దగా ఒరిగేదేమీ లేదు, పైగా ఎక్కువ డోసు వేసుకుంటే థైరాయిడ్ పరీక్ష రిపోర్టు తప్పుగా వస్తుంది. పెళ్లి కుదిరితే సంతోషం, కానీ ఆపరేషన్ రోజు నుంచి ఏడాది, ఏడాదిన్నర దాకా గర్భం రాకుండా చూసుకోవాలి, ఆ సంగతి అబ్బాయికి ముందే చెప్పు.

ప్రశ్న: ఈ ప్రొటీన్ లెక్క ఎన్నాళ్లు మేడం? నాకు ఏడాది దాటింది, అన్నీ తినగలుగుతున్నా. — మాదాపూర్

జవాబు: లెక్క జీవితాంతం ఉంటుంది, పొడి మాత్రం ఉండక్కర్లేదు. ఇప్పుడు మీరు తిండిలోనే 60, 70 తెచ్చుకోగలరు, అలా తెచ్చుకుంటుంటే డబ్బా మానేయొచ్చు. ఏడాది దాటినవాళ్లు ఆఫీసు క్యాంటీన్లో మిక్చరు, బిస్కెట్లు, టీలు మొదలుపెడతారు. అవి సులువుగా దిగుతాయి, చోటు తీసుకోవు, బరువు మళ్లీ అక్కడి నుంచే వస్తుంది. ఏడాదికోసారి రక్త పరీక్షలు మానొద్దు, విటమిన్ మాత్రలు మానొద్దు. కాళ్లకు వాపు వచ్చి, వేలితో నొక్కితే గుంట పడుతుంటే ఆ రోజే డాక్టర్‌కి చూపించండి.